పత్తి పీచు ఉపరితల వైశాల్యం గ్రాముకు ఒక చదరపు మీటరా, నూటికి పైనా?

ప్రశ్న: పడుగుపేక

నమస్కారం. నేను వస్త్ర రసాయన శాస్త్రంలో ఎం.టెక్ చదువుతున్నాను. చీరాల దగ్గర మా ఇంటివారు చేనేత నూలు చిలపలకు రంగులు వేస్తారు కనుక ప్రాజెక్టుకు కూడా పత్తినే ఎంచుకున్నాను. ఒకే నూలును నాలుగు రకాలుగా సిద్ధం చేశాను. ఒకటి పలుచని కాస్టిక్ సోడాలో ఉడికించి మైనం, పెక్టిన్ తొలగించినది. రెండోది దాన్నే బిగువు లేకుండా మెర్సరైజ్ చేసినది (అంటే గాఢమైన కాస్టిక్ సోడాలో ఉబ్బించినది), మూడోది బిగువుగా పట్టి మెర్సరైజ్ చేసినది, నాలుగోది ముడతలు పడకుండా రెజిన్ పట్టించినది. నాలుగింటినీ నైట్రోజన్ అధిశోషణ పద్ధతిలో (ఉపరితలానికి పట్టిన నైట్రోజన్ వాయువును బట్టి వైశాల్యం లెక్కకట్టే పద్ధతి) పరీక్షకు పంపితే, ఉపరితల వైశాల్యం అన్నింటికీ గ్రాముకు ఒక చదరపు మీటరు లోపే వచ్చింది. మెర్సరైజ్ చేసిన నూలుకు మిగిలినవాటి కంటే ఎక్కువ ఉంటుందని ఆశించాను, కానీ ఏమాత్రం ఎక్కువ లేదు.

అదే నూలును రంగు తొట్టిలో వేస్తే మాత్రం తేడా కంటికే తెలుస్తోంది. మెర్సరైజ్ చేసినది రంగును బాగా తాగుతుంది, రెజిన్ పట్టించినది దాదాపు తాగనే తాగదు. పైగా పత్తి వైశాల్యం గ్రాముకు వంద చదరపు మీటర్లకు పైనే ఉంటుందని ఒక పాఠ్యపుస్తకంలో చదివాను, ఒక చదరపు మీటరు ఉంటుందని ఇంకో పుస్తకంలో చదివాను. వీటిలో దేన్ని నమ్మాలి? పీచు ఉబ్బినప్పుడు ఉపరితలం నిజంగా పెరుగుతుందా, లేక రంగు ఎక్కువగా పట్టడానికి వేరే కారణం ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: పీచుపాఠం

పడుగుపేక గారూ, మీ పరికరమూ తప్పు చెప్పలేదు, మీ రంగు తొట్టీ తప్పు చెప్పలేదు. అవి వేర్వేరు వైశాల్యాలను కొలిచాయి. పత్తికి ఉపరితల వైశాల్యం ఎంత అని అడిగేటప్పుడు, ఏ అణువుకు అందే వైశాల్యం అన్నదీ, పీచు ఏ స్థితిలో ఉండగా కొలిచారన్నదీ చేర్చి అడగకపోతే ఆ ప్రశ్నకు జవాబే ఉండదు. నేను చాలా ఏళ్లు ఈ పాఠం చెప్పాను; విద్యార్థులకు ఇది ఒకసారి పట్టుబడితే మెర్సరైజింగ్, రెజిన్, ఎండబెట్టడం అన్నీ ఒకే తీగ మీదికి వస్తాయి, అందుకే కొంచెం విస్తరించి రాస్తున్నాను.

ముందు పరికరం ఏదీ లేకుండా లెక్క కడదాం. మధ్యరకం పత్తి పీచు ఒక కిలోమీటరు పొడవుకు సుమారు 0.17 గ్రాము తూగుతుంది, అంటే ఒక గ్రాము పత్తిలో ఉన్న పీచులన్నింటినీ వరుసగా చేర్చితే దాదాపు 5,900 మీటర్లు వస్తుంది. చిక్కుడు గింజ ఆకారంలో ఉండే ఆ పీచు అడ్డుకోత చుట్టుకొలత సుమారు 50 మైక్రోమీటర్లు అనుకుంటే, వెలుపలి వైశాల్యం గ్రాముకు 0.3 చదరపు మీటరు అవుతుంది. పైన ఉండే సన్నని గీతలను, ముడతలను, చిన్న పగుళ్లను కూడా కలుపుకుంటే ఇంకొంత పెరుగుతుంది. మీ నైట్రోజన్ పరీక్ష చెప్పిన ఒక చదరపు మీటరు లోపు అన్న సంఖ్య దీనికి ఎంత దగ్గరగా ఉందో గమనించండి. నైట్రోజన్ చూసింది పీచు పైతోలును మాత్రమే.

లోపలికి ఎందుకు వెళ్లలేదంటే, బ్రూనౌర్, ఎమ్మెట్, టెల్లర్ అనే శాస్త్రవేత్తలు 1938లో ఇచ్చిన సమీకరణంతో చేసే ఆ నైట్రోజన్ పద్ధతిలో నమూనాను ముందుగా వేడిచేసి, శూన్యంలో ఉంచి తేమ మొత్తం తీసేస్తారు. పత్తి పీచు గోడ సెల్యులోజ్ సన్నపోగులు పొరలు పొరలుగా అమరిన కట్టడం. నీరు ఉన్నంతసేపు ఆ పొరల మధ్య కొన్ని నానోమీటర్ల ఖాళీలు తెరుచుకుని ఉంటాయి. నీరు వెళ్లిపోతున్నప్పుడు తలతన్యత పొరలను దగ్గరికి లాగుతుంది, ఎదురెదురు హైడ్రాక్సిల్ సమూహాలు హైడ్రోజన్ బంధాలతో కలిసిపోతాయి. తడిసిన పుస్తకాన్ని అలాగే ఎండనిస్తే పుటలు ఒకదానికొకటి అంటుకుపోయినట్టు ఖాళీలు మూసుకుపోతాయి. ధ్రువత్వం లేని నైట్రోజన్ అణువుకు, అందులోనూ మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆ బంధాలను విడదీసి లోపలికి దారి చేసుకునే శక్తి లేదు.

నీటి ఆవిరికి ఆ శక్తి ఉంది. పొడి పత్తికి ఒక అణువు మందం పొరగా పట్టే నీరు, అదే సమీకరణం ప్రకారం చూస్తే, గ్రాముకు సుమారు 0.033 గ్రాము వస్తుంది. దాన్ని 18తో భాగించి, అవొగాడ్రో సంఖ్యతో గుణించి, ఒక్కో నీటి అణువు ఆక్రమించే చోటు 0.106 చదరపు నానోమీటరు అని తీసుకుంటే సుమారు 117 చదరపు మీటర్లు వస్తుంది. మీ పాఠ్యపుస్తకంలోని వందకు పైబడిన సంఖ్య ఇలా పుట్టినదే. అయితే దీన్ని గట్టి గోడల వైశాల్యంగా చదవకూడదని నా గట్టి అభిప్రాయం. నీరు అక్కడ ముందే ఉన్న ఉపరితలం మీద కూర్చోలేదు. అంటుకున్న పొరలను విడదీసి తనకు తాను చోటు చేసుకుంది. కనుక ఆ 117ను నీటికి అందిన హైడ్రాక్సిల్ సమూహాల లెక్కగా చదవడమే న్యాయం.

ఈ రెండు సంఖ్యల మధ్య వంతెన కూడా ఒకటి ఉంది. తడి పత్తిలోని నీటిని ముందు మిథనాల్‌తో, తర్వాత పెంటేన్ వంటి తలతన్యత తక్కువగా ఉండే ద్రవంతో క్రమంగా మార్చి, ఆ ద్రవాన్ని మెల్లగా తీసేస్తే పొరలు పూర్తిగా కూలవు. అలా ఆరబెట్టిన నమూనాకు అదే నైట్రోజన్ పరీక్షలో గ్రాముకు పదుల చదరపు మీటర్లు వస్తాయి. పీచు అదే, వాయువు అదే, మారింది ఆరబెట్టిన తీరు ఒక్కటే.

జవాబు: రంగులబాన

పీచుపాఠం గారు సిద్ధాంతం చెప్పారు. నేను నూలు ప్రాసెసింగ్‌లో మెర్సరైజింగ్ విభాగం చూస్తున్నాను కాబట్టి, పని జరిగే చోట ఏ విషయాలు ఈ వైశాల్యాన్ని మారుస్తాయో రాస్తాను.

జాన్ మెర్సర్ 1844లో గాఢమైన కాస్టిక్ సోడాను నూలు గుడ్డ గుండా వడకట్టినప్పుడు గుడ్డ దళసరెక్కి ముడుచుకుపోవడం, వడకట్టిన ద్రావణం మునుపటి కంటే పలచబడటం రెండూ గమనించాడు. 1850లో పేటెంటు తీసుకున్నాడు. మెరుపు మాత్రం ఆయన కనిపెట్టినది కాదు. బిగువుగా పట్టి ఉంచితే నూలు మెరుస్తుందని 1890 ప్రాంతంలో హొరేస్ లో చూపించాడు. మెర్సర్ గమనించిన రెండో విషయం మీ ప్రశ్నకు సూటిగా సంబంధించినది, ఎందుకంటే ద్రావణం పలచబడిందంటే క్షారాన్ని గుడ్డ తనలోకి తీసుకుందన్నమాట.

క్షారం బలం తక్కువగా ఉన్నప్పుడు పీచు కొంత ఉబ్బుతుంది కానీ స్ఫటిక భాగం చెక్కుచెదరదు. సోడియం అయాను చుట్టూ చేరిన నీటి అణువుల గుంపు పెద్దదిగా ఉండి స్ఫటికాల్లోకి దూరలేకపోవడమే దీనికి సాధారణంగా చెప్పే కారణం. బలం 12 శాతం దాటాక లోపలికి ప్రవేశించి, సెల్యులోజ్ ఒకటి రూపాన్ని (సహజ పత్తిలో ఉండే స్ఫటిక అమరికను) సెల్యులోజ్ రెండు అనే వేరే అమరికగా మార్చడం మొదలవుతుంది. మేము ట్వాడిల్ గాజుతో (ద్రావణంలో తేలుతూ దాని చిక్కదనాన్ని, అంటే సాంద్రతను చూపే గాజు గొట్టం) 48 నుంచి 52 వరకు చూసుకుంటాం, అంటే బరువులో సుమారు 22 నుంచి 24 శాతం. గాజు 46కు పడితే ఆ పూట నూలు రంగులో తేడా రావచ్చని మాకు తెలుసు, అందుకే ప్రతి లోడుకూ చూస్తాం.

అందరూ సులువుగా మరిచిపోయే విషయం ఉష్ణోగ్రత. చల్లని క్షారంలో ఉబ్బు ఎక్కువ, కానీ ద్రావణం చిక్కగా ఉంటుంది కనుక బయటి పీచులు ముందే ఉబ్బి లోపలికి దారి మూసేస్తాయి. పురి గట్టిగా ఉన్న నూలులో ఇది మరీ ఎక్కువ. అలాంటి నూలుకు రంగు వేసి, బ్లేడుతో అడ్డంగా కోసి, భూతద్దం కింద పెట్టి చూడండి. అంచు చుట్టూ ముదురు వలయం, మధ్యలో లేత మచ్చ కనిపిస్తాయి. అది కనిపించిన నూలు విషయంలో సగటు వైశాల్యం అన్న మాటకు అర్థమే ఉండదు. క్షారంలో తట్టుకునే తడిపే మందు వేయడం, లేదా 60 నుంచి 70 డిగ్రీల వేడి క్షారంలో ముంచి తర్వాత చల్లబరచడం దీనికి విరుగుడు.

బిగువు సంగతి కూడా మీ రెండు నమూనాల్లో కనిపించాలి. బిగువు లేకుండా చేసినప్పుడు పీచు స్వేచ్ఛగా ఉబ్బుతుంది, నూలు పొడవు నాలుగో వంతు వరకు తగ్గిపోవచ్చు. తేమ పట్టే శక్తి అందులోనే ఎక్కువ. మామూలు పత్తి పట్టే తేమకు ఇది దాదాపు ఒకటిన్నర రెట్లు పడుతుంది. బిగువుతో చేసినది మెరుస్తుంది, గట్టిగా ఉంటుంది, కానీ తేమ విషయంలో పై రెండింటికీ మధ్యలో ఉంటుంది. మెరుపు కావాలా, రంగు తాగే గుణం కావాలా అన్నది ముందే తేల్చుకోవాలని నేను కొత్తవాళ్లకు చెబుతూ ఉంటాను.

ఇక నైట్రోజన్ పరీక్షకు ఖర్చు చేసే బదులు బేరియం సంఖ్య చూడండి. మెర్సరైజ్ చేసిన నూలు, చేయనిదానితో పోలిస్తే ఎంత క్షారం పట్టుకుంటుందో అది చెబుతుంది. 2 గ్రాముల నూలును పావు నార్మల్ బేరియం హైడ్రాక్సైడ్ 30 మిల్లీలీటర్లలో రెండు గంటలు ఉంచి, అందులోంచి 10 మిల్లీలీటర్లు తీసి, ఫినాల్ఫ్తలీన్ సూచికతో పదో వంతు నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేయాలి. మెర్సరైజ్ చేసినది, చేయనిది, నూలు లేని ఖాళీ సీసా, ఈ మూడింటినీ పక్కపక్కనే చేయాలి. ఖాళీ సీసా పఠనం నుంచి ఒక్కో నూలు పఠనాన్ని తీసివేసి, మెర్సరైజ్ చేసినదాన్ని చేయనిదానితో భాగించి వందతో గుణించాలి. 100 నుంచి 105 లోపు వస్తే మెర్సరైజింగ్ జరగనట్టు, 150 దాటితే పూర్తిగా జరిగినట్టు. మెర్సర్ వడపోతలో గమనించినదాన్నే మనం ఇక్కడ కొలుస్తున్నాం. మూత గట్టిగా లేకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ బేరియాన్ని తినేస్తుంది, జాగ్రత్త.

పడుగుపేక

ఇద్దరికీ కృతజ్ఞతలు. నమూనాలను పొయ్యిలో 105 డిగ్రీల దగ్గర పూర్తిగా ఎండబెట్టి, ఆ తర్వాతే పరీక్షకు పంపాను కనుక నైట్రోజన్ ఫలితం అర్థమైంది. రెండు సందేహాలు మిగిలాయి. మెర్సరైజ్ చేసిన నూలు రంగు ముదురుగా కనిపించడమంతా లోపలి వైశాల్యం పెరగడం వల్లనేనా? రెజిన్ పట్టించినప్పుడు లోపల ఏం జరుగుతుంది?

జవాబు: పీచుపాఠం

మొదటి సందేహానికి జవాబు: అంతా అందువల్ల కాదు. మెర్సరైజ్ చేసిన పీచు గుండ్రబడుతుంది, మెలికలు విప్పుకుంటాయి, నడిమి బోలు దాదాపు మూసుకుపోతుంది. ఒకే పరిమాణానికి గుండ్రని ఆకారం చుట్టుకొలత తక్కువ కనుక వెలుపలి వైశాల్యం నిజానికి తగ్గే వైపే పోతుంది. ఉబ్బితే ఉపరితలం పెరుగుతుందన్న సహజమైన ఊహ ఇక్కడ తలకిందులవుతుంది. లోపల కాంతిని చెదరగొట్టే అంచులు తగ్గడం వల్ల, రెండు నూళ్లలో రంగు పదార్థం సరిగ్గా ఒకే మోతాదులో ఉన్నా మెర్సరైజ్ చేసినదే ముదురుగా కనిపిస్తుంది. కాబట్టి కంటితో చూసి వైశాల్యాన్ని అంచనా వేయకండి. తొట్టిలో మిగిలిన ద్రావణాన్ని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూసి, నూలు ఎంత రంగు తీసుకుందో లెక్కకట్టండి.

దీనికి మరో వైపు కూడా ఉంది, పత్తి మార్కెట్లలో తిరిగేవారికి బాగా తెలిసినది. మైక్రోనైర్ పరికరం పత్తి ఉండ గుండా గాలి ఎంత కష్టంగా పోతుందో కొలుస్తుంది. అంటే అది కొలిచేది కూడా వెలుపలి ఉపరితలాన్నే. సంఖ్య తక్కువగా ఉన్న పత్తిలో గ్రాముకు వెలుపలి వైశాల్యం ఎక్కువ. అది పక్వం కాని పత్తి అయితే రంగు ముదరకపోగా లేతగా, తెల్లని నలుసులతో కనిపిస్తుంది, ఎందుకంటే పలుచని గోడలో రంగు నిలిచే సెల్యులోజ్ తక్కువ, కాంతిని తిప్పికొట్టే ఉపరితలాలు ఎక్కువ. వెలుపలి వైశాల్యాన్నీ రంగునూ నేరుగా ముడిపెట్టేవారికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చూపిస్తాను.

రెజిన్ విషయం. మీరు వాడినది డైమిథైలాల్ డైహైడ్రాక్సీ ఇథిలీన్ యూరియా జాతిదై ఉంటుంది. దాన్ని పట్టించి, ఆరబెట్టి, 150 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చినప్పుడు, పొరలు కూలి దగ్గరపడి ఉన్న స్థితిలో వాటి మధ్య సమయోజనీయ బంధాలు పడతాయి. ఆ తర్వాత నీళ్లలో వేసినా ఆ పొరలు మునుపటంత తెరుచుకోవు. పొడి స్థితిలో అవి ముందే మూసుకుని ఉన్నాయి కనుక నైట్రోజన్‌కు తేడా కనిపించలేదు. తడి స్థితిలో తెరుచుకోవలసినవి తెరుచుకోలేదు కనుక పొడవాటి డైరెక్ట్ రంగు (పత్తికి నేరుగా పట్టే రంగు) అణువు లోపలికి పోలేదు. అదే బంధాలను పీచు నీటితో ఉబ్బి ఉండగానే వేస్తే ఖాళీలు తెరుచుకున్న స్థితిలోనే నిలబడతాయి, అలాంటి నమూనా నీటిని బాగానే పట్టి ఉంచుతుంది. ఒకే రసాయనం, వేసిన సమయాన్ని బట్టి, ఎదురు ఫలితాలు ఇవ్వగలగడం నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తికరంగా తోస్తుంది.

ద్రవ అమ్మోనియా సంగతి క్లుప్తంగా చెబుతాను. అది మైనస్ 33 డిగ్రీల దగ్గర మరుగుతుంది. దాని అణువు చిన్నది, ద్రవం పలుచన, అందువల్ల నూలు మధ్యలోకి క్షణాల్లో చేరి సెల్యులోజ్ మూడు రూపాన్ని ఇస్తుంది. కాస్టిక్ అంత ఉబ్బు ఇవ్వదు కానీ సమంగా ఇస్తుంది, రంగులబాన గారు చెప్పిన వలయం ఇందులో ఉండదు. అమ్మోనియాను వేడితో ఆవిరిగా తీశారా, నీటితో కడిగారా అన్నదాన్ని బట్టి చివరికి లోపల ఎంత చోటు మిగులుతుందన్నది మారుతుంది.

ఇంకొక హెచ్చరిక. రంగు ఎక్కువ పట్టిందంటే వైశాల్యం పెరిగినట్టే అనుకోవద్దు. పత్తికి చతుర్థక అమ్మోనియం సమూహాలను అతికించే క్యాటయనీకరణ ఉంది. అందులో పీచు పెద్దగా ఉబ్బకుండానే ఋణావేశపు రంగు అణువులు ఆకర్షణతో వచ్చి పడతాయి. ఆ నమూనాలో పెరిగింది చోటు కాదు, ఆకర్షణ.

పుట్టపాక_మగ్గం

చర్చ చదివాను, మాకు పనికొచ్చే విషయాలు చాలా ఉన్నాయి. ఒక్క సందేహం తీర్చండి. తేలియా రుమాలు నూలును మా పెద్దలు ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి మార్చి మార్చి నానబెట్టి, పిసికి, ఎండబెట్టేవారు. ఆ తర్వాత ఎరుపు దివ్యంగా పట్టేది. ఆ బూడిద నీళ్లు కూడా క్షారమే కదా, అది కూడా ఒక రకం మెర్సరైజింగేనా అండీ?

జవాబు: రంగులబాన

కాదండీ. బూడిద నీటిలో ముఖ్యంగా ఉండేది పొటాషియం కార్బొనేట్, అది మృదువైన క్షారం. ఎన్ని రోజులు నానబెట్టినా పత్తి స్ఫటికాలను తెరిచే బలం దానికి లేదు. అది చేసే పనులు రెండు: పీచు మీది మైనాన్ని, పెక్టిన్‌ను మెల్లగా వదిలించడం, నూనెను నీళ్లలో కలిసేలా చేసి నూలంతటా సమంగా పరవడం. నూనెలోని కొవ్వు ఆమ్లాలు నూలులో నిలిచి, తర్వాత వేసే పటికలోని అల్యూమినియాన్ని పట్టుకుంటాయి, ఆ అల్యూమినియం అలిజరిన్ ఎరుపును పట్టుకుంటుంది. పీచులో చోటు పెంచే పద్ధతి కాదది, ఉన్న చోటులోనే రంగుకు గట్టి పట్టు ఇచ్చే పద్ధతి. పీచుపాఠం గారు క్యాటయనీకరణ గురించి చెప్పిన మాట దీనికి కూడా దగ్గరగా వర్తిస్తుంది. మీ పెద్దలు మధ్యమధ్యలో అంత సేపు పిసికేవారంటే, నూనె నూలు లోపలి పోగుల వరకు చేరాలనే.

జవాబు: పీచుపాఠం

పడుగుపేక గారికి, మళ్లీ నమూనాలు సిద్ధం చేసేముందు ఒక మాట. మెర్సరైజ్ చేసిన నూలును కడిగి, తటస్థం చేశాక రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని ఎండనివ్వకుండా తడిగానే మూతపెట్టి ఉంచండి, రెండోదాన్ని 110 డిగ్రీల దగ్గర ఎండబెట్టి తిరిగి తడపండి. రెండింటికీ ఒకే తొట్టిలో రంగు వేసి, తీసుకున్న రంగును ద్రావణం నుంచి లెక్కకట్టండి. ఎండబెట్టినది తక్కువ తీసుకుంటుంది, ఎందుకంటే ఒకసారి మూసుకున్న పొరల్లో కొన్ని తిరిగి తడిపినా తెరుచుకోవు. కాగితపు గుజ్జులో ఈ గుణాన్ని యాయ్‌మె అనే శాస్త్రవేత్త 1944లోనే గుర్తించి కొమ్ముబారడం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

వైశాల్యం కంటే రంధ్రాల పరిమాణం మీకు ముఖ్యమనిపిస్తే, అమెరికా వ్యవసాయ శాఖ వారి న్యూ ఆర్లియన్స్ పరిశోధన కేంద్రంలో పత్తి మీద విస్తృతంగా వాడిన పద్ధతిని చూడండి. తరిగిన పత్తినే స్తంభంలో నింపి, గ్లూకోజ్ మొదలుకొని పెద్ద పాలిఇథిలీన్ గ్లైకాల్ వరకు వేర్వేరు పరిమాణాల అణువులను నీటిలో కరిగించి దాని గుండా పంపుతారు. చిన్నవి రంధ్రాల్లోకి దూరి ఆలస్యంగా బయటికి వస్తాయి, దూరలేనివి ముందే వచ్చేస్తాయి. పీచు మొదటి నుంచి చివరి వరకు తడిగానే ఉంటుంది, అంటే రంగు తొట్టిలో ఉన్న స్థితిలోనే దాన్ని కొలుస్తారు. మీ నాలుగు నమూనాల మధ్య తేడా నైట్రోజన్ పరీక్షలో కంటే ఇందులో స్పష్టంగా బయటపడుతుంది. స్తంభం ఏర్పాటు చేసుకోవడం కష్టమైతే, తడి నూలును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి మిగిలిన నీటిని తూచే నీటి నిలుపుదల పరీక్ష మీ కళాశాలలోనే చేయవచ్చు. రెజిన్ పట్టించిన నమూనా, బిగువు లేకుండా మెర్సరైజ్ చేసినది ఆ పరీక్షలో రెండు చివర్లలో నిలుస్తాయి.